హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఫ్లైట్‌లో ఎంత దూరం, ఎంతసేపు: లెక్క మీరే వేసుకోండి

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. వైజాగ్‌లో వాడి ఫ్రెండ్ పెళ్లి, మధురవాడ వైపు ఫంక్షన్ హాలు, ముహూర్తం పొద్దున 10:40కి. "బావా, ఏదో సైట్‌లో చూశాను, హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఫ్లైట్‌లో 34 నిమిషాలేనట, ఎనిమిదింటికి ఇంట్లో బయల్దేరినా అక్షింతలు వేసే టైమ్‌కి అందుకుంటా కదా?" అన్నాడు. వాడు ఉండేది కూకట్‌పల్లిలో. ఎనిమిదింటికి కూకట్‌పల్లిలో బయల్దేరితే 10:40కి వాడు ఇంకా శంషాబాద్‌లో గేటు దగ్గర కాఫీ తాగుతూ ఉంటాడు, అదీ ఫ్లైట్ లేటవ్వకపోతే.

తప్పు పూర్తిగా వాడిది కాదు. రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, టైమ్ చూపించే సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ శాతం చేసేది ఒక్కటే: మ్యాప్ మీద రెండు చుక్కల మధ్య దూరం తీసుకుని దాన్ని గంటకి 900 కిలోమీటర్లతో భాగించి ముందు పడేయడం. విమానం రన్‌వే మీద నిల్చున్న క్షణం నుంచే 900 స్పీడ్‌లో ఉన్నట్టు, వైజాగ్‌లో అదే స్పీడ్‌తో వచ్చి టక్కున ఆగిపోయినట్టు. అందుకే ఈ లెక్క ఎలా వేసుకోవాలో ఒకసారి రాసి పెడదామనిపించింది. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు దూరం సంగతి

ఒకే రూట్‌కి ఒక సైట్ 503 అంటుంది, ఇంకోటి 511 అంటుంది, మరోటి 318, ఇంకోటి 276. నాలుగూ కరెక్టే. 503 అనేది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి కిలోమీటర్లలో. 511 అనేది శంషాబాద్ రన్‌వే నుంచి వైజాగ్ రన్‌వేకి. అదే 511ని మైళ్లలో చెబితే 318, నాటికల్ మైళ్లలో చెబితే 276. విమానాల వాళ్లు వాడేది ఈ చివరిదే, ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. పైలట్ మైకులో నాట్స్ అని చెప్పే స్పీడ్ కూడా దీని మీదే, 450 నాట్స్ అంటే గంటకి దాదాపు 833 కిలోమీటర్లు. కాబట్టి అంకె చూసే ముందు పక్కన ఏ యూనిట్ ఉందో చూడండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

మీరే కొలవాలంటే అన్నిటికన్నా తేలిక దారి గూగుల్ మ్యాప్స్. కంప్యూటర్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి 'మెజర్ డిస్టెన్స్' నొక్కి, తర్వాత వైజాగ్ ఎయిర్‌పోర్టు మీద క్లిక్ చేస్తే సరి. ఫోన్‌లో అయితే ఎయిర్‌పోర్టు మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, కింద వచ్చే ఆప్షన్లలో అదే ఉంటుంది. 'డైరెక్షన్స్' మాత్రం నొక్కకండి, అది రోడ్డు దూరం చూపిస్తుంది, వైజాగ్‌కి 600 దాటిపోతుంది.

చేత్తో వేసుకోవడం కూడా కష్టమేం కాదు, ఒకసారి చేస్తే దూరం అంటే ఏంటో బుర్రకెక్కుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. వైజాగ్ ఎయిర్‌పోర్టు 17.72, 83.22. అక్షాంశం ఒక డిగ్రీ అంటే భూమ్మీద ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశం అలా కాదు, భూమధ్యరేఖ దగ్గర 111 ఉండి ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరైపోతుంది, నారింజ తొనల్లాగా. మన హైదరాబాద్, వైజాగ్ ఉన్న చోట ఒక డిగ్రీ దాదాపు 106 కిలోమీటర్లు.

ఇప్పుడు తేడాలు తీయండి. ఉత్తరానికి 0.48 డిగ్రీలు, దాన్ని 111తో గుణిస్తే 53 కిలోమీటర్లు. తూర్పుకి 4.79 డిగ్రీలు, 106తో గుణిస్తే 508. రెండిటినీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే (స్కూల్లో చదివిన పైథాగరస్, ఇన్నేళ్లకి పనికొచ్చింది) 511 వస్తుంది. గూగుల్‌తో పోల్చుకోండి, కిలోమీటరో రెండు కిలోమీటర్లో తేడా ఉంటుంది అంతే.

ఈ చిట్కా మన దేశం లోపల దూరాలకి బాగానే పనిచేస్తుంది. ఇండియా దాటితే మాత్రం వద్దు, అప్పుడు భూమి గుండ్రంగా ఉందన్న సంగతి లెక్కలోకి వస్తుంది, దాని గురించి కింద చెబుతాను.

ఇప్పుడు టైమ్

నేను వాడే సూత్రం ఇది: కిలోమీటర్లని 800తో భాగిస్తే గంటలొస్తాయి, వాటిని నిమిషాల్లోకి మార్చి 30 కలపండి. వైజాగ్‌కి 511ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, 30 కలిపితే 68, అంటే గంటా ఎనిమిది నిమిషాలు. టికెట్ మీద చూస్తే 1:10 నుంచి 1:20 మధ్యలో ఉంటుంది. ఢిల్లీకి సుమారు 1,260 కిలోమీటర్లు, లెక్కేస్తే రెండు గంటలా ఐదు నిమిషాలు, టికెట్ మీద 2:10 నుంచి 2:20. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో రన్‌వే నుంచి గేటు దాకా పోవడానికే టైమ్ పడుతుంది కాబట్టి పది నిమిషాలు ఎక్కువ వేసుకోండి.

ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందంటారా? మొదటిది, టికెట్ మీద ఉన్న టైమ్ గాల్లో ఉన్న టైమ్ కాదు. విమానం గేటు దగ్గర నుంచి కదిలిన నిమిషం నుంచి అక్కడ గేటు దగ్గర ఆగే నిమిషం దాకా, దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. నేల మీద మెల్లగా పాక్కుంటూ పోవడం, ముందున్న రెండు విమానాలు లేచేదాకా ఆగడం, అన్నీ అందులోనే. రెండోది, పదివేల అడుగుల లోపు ఉన్నంతసేపూ విమానాలు మామూలుగా 250 నాట్స్ దాటకూడదు, అంటే గంటకి 463 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నెమ్మదే.

వైజాగ్ లాంటి దగ్గరి రూట్‌లో ఇది ఎంత మింగేస్తుందో చూడండి. 35 వేల అడుగుల ఎత్తు నుంచి దిగాలంటే పైలట్లు వాడే మోటు లెక్క, ప్రతి వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు ముందు మొదలుపెట్టాలని. అంటే 105 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 195 కిలోమీటర్ల ముందే దిగడం మొదలు. ఎక్కడానికీ ఇంచుమించు అంతే దూరం పడుతుంది. 511లో 200 ఎక్కడానికి, 200 దిగడానికి పోతే పైన ఒకే ఎత్తులో ఫుల్ స్పీడ్‌లో పోయేది వంద కిలోమీటర్లే! అందుకే వైజాగ్ ఫ్లైట్‌లో సీట్ బెల్ట్ లైటు ఆరి, ట్రాలీ మీ వరస దాకా వచ్చి, మీరు శాండ్‌విచ్ కవరు చింపేలోపు కెప్టెన్ దిగుతున్నాం అని చెప్పేస్తాడు. కిటికీలోంచి చూస్తుంటే గోదావరి దాటిన కాసేపటికే చెవులు మూసుకుపోవడం మొదలవుతుంది.

చిన్న విమానమైతే, అంటే ఏటీఆర్ లాగా రెక్కలకి ఫ్యాన్లు ఉండే రకం అయితే, 800 బదులు 500తో భాగించండి. రాజమండ్రి మధురపూడికి శంషాబాద్ నుంచి సుమారు 360 కిలోమీటర్లు. జెట్ అయితే 57 నిమిషాలు, ఏటీఆర్ అయితే 73. తేడా పదహారు నిమిషాలే. ఏటీఆర్ అనగానే ముఖం చిట్లించే వాళ్లని చూశాను కానీ దగ్గరి ఊళ్లకి దానివల్ల పోయేదేం లేదు, పైగా తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి కిందున్న చెరువులూ కొండలూ బాగా కనిపిస్తాయి.

ఒకే రూట్, ఒక్కో రోజు ఒక్కో టైమ్

విమానం మనం గీసిన గీత మీద పోదు. ఒకటి, గాల్లో కూడా దారులుంటాయి, ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కి, కాబట్టి కాస్త వంకర తప్పదు. రెండు, రన్‌వే ఏ వైపు ఉందన్నది. శంషాబాద్ రన్‌వే తూర్పు-పడమర. విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది. వర్షాకాలంలో గాలి పడమర నుంచి వీస్తుంది కాబట్టి విమానం పడమరకి తిరిగి లేస్తుంది, వైజాగ్ ఉన్నదేమో తూర్పున, లేచాక చుట్టూ తిరిగి రావాలి. మీరు కుడి పక్క కూర్చుని ఇదేంటి వికారాబాద్ వైపు తీసుకెళ్తున్నాడు అనుకుంటే కంగారు పడకండి.

ఇంకో తమాషా ఉంది. వర్షాకాలంలో నేల మీద గాలి పడమర నుంచి వీస్తే, బాగా పైన, విమానాలు ఎగిరే ఎత్తులోనూ ఆపైనా, మన దక్షిణాదిన గాలి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. అంటే జూలైలో హైదరాబాద్ నుంచి వైజాగ్ పోయేవాడికి కింద ఒక తిప్పు, పైన ఎదురుగాలి. దగ్గరి దూరం కాబట్టి పోయేది నాలుగైదు నిమిషాలే అనుకోండి.

దూరం పెరిగితే ఈ గాలి లెక్క సీరియస్ అవుతుంది. దుబాయ్ తీసుకుందాం, మన వాళ్లకి అలవాటైన రూట్. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,545 కిలోమీటర్లు. సూత్రం ప్రకారం మూడు గంటలా 41 నిమిషాలు. చలికాలంలో ఉత్తరాది మీదుగా పడమర నుంచి తూర్పుకి గట్టి గాలులు వీస్తాయి, వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. అందుకని వెళ్లేటప్పుడు పావుగంట కలపండి, వచ్చేటప్పుడు పావుగంట తీసేయండి. టికెట్లు చూసినా వెళ్లడానికి నాలుగు గంటల దగ్గర్లో, రావడానికి మూడున్నర దగ్గర్లో ఉంటుంది.

దీనికి మా ఇంట్లో ఒక పెద్దాయన చెప్పే కారణం వేరు. భూమి తిరుగుతోంది కదా, విమానం గాల్లో ఉంటే దుబాయే మన దగ్గరికి వచ్చేస్తుందని. అలా అయితే పడమరకి పోయేది తొందరగా చేరాలి, జరిగేది దానికి ఉల్టా. గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది, ఆ గాలిలోనే విమానం పోతోంది, కాబట్టి తేడా అంతా ఆ గాలి ఎటు ఎంత జోరుగా వీస్తోందన్న దాంట్లోనే ఉంది. ఆయనకి మూడుసార్లు చెప్పాను, వినలేదు.

దారి మూసేసినా టైమ్ మారిపోతుంది. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన ఎయిర్‌లైన్స్‌కి మూసేశాక ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయే మన విమానాలు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. దూరం లెక్క అదే, మ్యాప్ మీద ఊళ్లు జరగలేదు, టైమ్ మాత్రం పెరిగింది. హైదరాబాద్-దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా ఉంటుంది కాబట్టి దీనికి పెద్దగా దెబ్బ తగల్లేదు.

ఇవన్నీ ఎందుకు, నిజంగా నిన్న మొన్న ఎంతసేపు పట్టిందో చూద్దాం అంటే ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టండి. గత కొన్ని రోజుల్లో అదే ఫ్లైట్ ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది, అన్నీ ఉంటాయి. వైజాగ్ ఫ్లైట్లు చూస్తే గాల్లో ఉన్నది గంట లోపే ఉంటుంది చాలాసార్లు. టికెట్ మీద 1:20 అని రాసి ఇంత ముందు చేరుస్తున్నాడేంటి అంటే, ఎయిర్‌లైన్స్ వాళ్లు కావాలనే కాస్త వదులుగా రాసుకుంటారు, ఇరవై నిమిషాలు లేటుగా కదిలినా టైమ్‌కే వచ్చాం అని మైకులో చెప్పుకోవచ్చు. నేను టికెట్ టైమ్ చూడను, గత వారం రోజుల రికార్డు చూస్తాను. పొద్దున మొదటి ఫ్లైట్‌కీ రాత్రి చివరి ఫ్లైట్‌కీ ఎంత తేడా ఉందో అక్కడ తెలిసిపోతుంది. అదే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, ఎక్కడో ఒకచోట జరిగిన లేటు సాయంత్రానికి అప్పులా పెరిగి మన నెత్తినే పడుతుంది.

గుమ్మం నుంచి గుమ్మానికి

అసలు లెక్క ఇక్కడుంది. మా బావమరిదికి నేను వేసిచ్చింది ఇదే, వెనక నుంచి ముందుకి వేశాను, ఎప్పుడూ అలాగే వేయండి.

ముహూర్తం 10:40, హాల్లో 10:10కైనా ఉండాలి. వైజాగ్ ఎయిర్‌పోర్టు ఊరికి పడమర పక్క, ఎన్ఏడీ జంక్షన్ దాటాక ఉంటుంది, మధురవాడ ఊరికి అవతలి కొస. ఎంత లేదన్నా గంట వేసుకో. అంటే 9:10కి క్యాబ్ ఎక్కాలి. విమానం ఆగాక తలుపు తీయడం, పైనున్న బ్యాగులు దించుకునే జాతర, బయటికి నడక, ఇరవై నిమిషాలు. చెక్-ఇన్ బ్యాగు ఉంటే బెల్ట్ దగ్గర ఇంకో పావుగంట, అందుకే పట్టుబట్టలు చేతి బ్యాగులోనే పెట్టుకో అన్నాను. అంటే విమానం 8:50కి ఆగాలి, 7:35కి కదలాలి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. సెక్యూరిటీ లైన్ కూడా ఉంటుంది కదా, ఆరింటికి శంషాబాద్‌లో ఉండాలి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా తెల్లవారుజామున అయినా గంటా పది. 4:50కి బయల్దేరాలి, నాలుగింటికి లేవాలి.

4:50 నుంచి 10:10 దాకా మొత్తం 5 గంటల 20 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది 55 నిమిషాలు! సైట్‌లో చూసిన 34 నిమిషాలు ఎక్కడ, ఐదుంపావు గంటలు ఎక్కడ. వాడు కాసేపు మాట్లాడలేదు.

ఈ ఎయిర్‌పోర్టు ముందు టైమ్ దగ్గర పిసినారితనం వద్దు, నేను చేసి చెడ్డాను. కొన్నేళ్ల క్రితం మెహదీపట్నంలో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేశాం కదా ఇంకేముంది పావుగంటలో ఆరాంఘర్ అనుకున్నా, అనుకున్నట్టే దిగా. దిగాక ఆరాంఘర్ దగ్గర ఒక లారీ అడ్డంగా ఆగిపోయి ఉంది. కౌంటర్ మూసిన ఆరు నిమిషాలకి చేరా. ఆ అమ్మాయి ఎంత మర్యాదగా "సారీ సర్" అందంటే కోప్పడ్డానికి కూడా వీల్లేకపోయింది, తప్పు నాదే. అప్పట్నుంచి వెబ్ చెక్-ఇన్ ముందు రోజే చేసుకుంటున్నా, బ్యాగు లేకపోతే కౌంటర్ బాధ లేదు, నేరుగా సెక్యూరిటీకే. ముఖం చూపించి లోపలికి పోయే డిజియాత్ర యాప్ పెట్టుకుంటే ఎంట్రీ దగ్గర లైన్ కూడా తగ్గుతుంది.

ఇలా లెక్కేస్తే తేలేది ఏంటంటే, ఏ ఊరికి ఫ్లైట్ ఎక్కినా టికెట్ మీద టైమ్ కాక మూడున్నర నాలుగు గంటలు ఊరికే పోతాయి, దూరం ఎంతైనా సరే. దీన్ని పెట్టుకుని విజయవాడ సంగతి చూడండి. గన్నవరం శంషాబాద్ నుంచి గాల్లో 265 కిలోమీటర్లు కూడా ఉండదు, ఫ్లైట్ గంట. ఆ గంటకి మిగతావి కలిపితే కూకట్‌పల్లి నుంచి బెంజి సర్కిల్‌కి నాలుగున్నర, ఐదు గంటలు. కారులో పోయినా అంతే! ఎల్బీనగర్‌లో ఉండేవాళ్లయితే విజయవాడకి ఫ్లైట్ ఎక్కడం, నన్నడిగితే, డబ్బులిచ్చి లేటు కొనుక్కోవడం. అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లోనే విమానం మారేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఆ ముందు గంటలు ఎలాగూ పోయాయి.

వైజాగ్‌కి మాత్రం ఫ్లైట్ గెలుస్తుంది. వందే భారత్‌కే సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు, ఇంటి నుంచి స్టేషన్, అక్కడ స్టేషన్ నుంచి హాలు కలిపితే పది. పగలంతా పోతుంది. రాత్రి రైలు సంగతి వేరు, పన్నెండు గంటలు పట్టినా నిద్రలో పోయే టైమ్‌ని టైమ్ అనాలా అన్నది మీ ఇష్టం.

ఒక మార్పు గుర్తుపెట్టుకోండి. వైజాగ్ ఇప్పటి ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉన్నది, అందుకే దానికి పరిమితులున్నాయి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్తది కట్టారు. హైదరాబాద్ నుంచి గాల్లో అది ఓ ముప్ఫై కిలోమీటర్లు ఎక్కువ, అంటే రెండు మూడు నిమిషాలు, టికెట్ మీద తేడా కూడా కనపడదు. నేల మీద మాత్రం ఊరి నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. గాజువాక వాళ్లకి గంటకు పైగా అదనం, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి పండగ. మా బావమరిది పెళ్లి హాలు మధురవాడలో కాబట్టి వాడికి పెద్ద తేడా ఉండదు. టికెట్ కొనేటప్పుడు ఏ ఎయిర్‌పోర్టు అని రాసుందో చూసుకోండి. ముంబైకి కూడా ఇదే సంగతి, ఇప్పుడు నవీ ముంబైలో రెండోది వచ్చింది, చవకగా ఉందని కళ్లు మూసుకుని కొంటే అంధేరీ చేరడానికి ఇంకో ప్రయాణం చేయాలి.

టికెట్ యాప్‌లలో ఇంకో చిన్న మోసం, మోసం అనకూడదేమో. చవక టికెట్ కింద 5 గంటల 10 నిమిషాలు అని ఉంటుంది, ఊరికే చూసి ఊరుకుంటాం. '1 స్టాప్' అని పక్కన చిన్నగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయి అక్కడి నుంచి వైజాగ్. వైజాగ్ ఎటు, బెంగళూరు ఎటు!

డాలస్ లెక్క: గుండ్రటి భూమి, రెండు గడియారాలు

మా పెద్దమ్మ మనవరాలి పురుడుకి డాలస్ వెళ్తూ టికెట్ చూసి అడిగిన ప్రశ్న: "తెల్లారుజామున 4:20కి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగింటికి దిగుతానని రాశారేంట్రా, పన్నెండు గంటలు కూడా లేదు, అందరూ ఒక రోజు పడుతుందని భయపెట్టారు కదా?"

ఇక్కడ తీసివేత చేసేముందు రెండు టైములనీ ఒకే ఊరి గడియారంలోకి మార్చుకోవాలి. నేనెప్పుడూ ఇండియా టైమ్‌లోకే మారుస్తా. డాలస్ మనకన్నా ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర, ఎందుకంటే వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి తిప్పి నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. పెద్దమ్మ వెళ్లింది జూన్‌లో. సాయంత్రం నాలుగుకి పదిన్నర కలిపితే ఇండియాలో అర్ధరాత్రి దాటి 2:30. 4:20 నుంచి మర్నాడు 2:30 దాకా అంటే 22 గంటల 10 నిమిషాలు. మధ్యలో దుబాయ్‌లో రెండు గంటల చిల్లర కూర్చోవడంతో కలిపి. "అదీ సంగతి, నాకు తెలుసు ఏదో ఉందని" అంది పెద్దమ్మ, ఆవకాయ డబ్బాకి ఇంకో కవరు చుడుతూ.

దుబాయ్‌కి కూడా ఇదే, మనకన్నా గంటన్నర వెనక. 4:20కి ఎక్కి 6:40కి దిగావంటే రెండు గంటలా ఇరవై నిమిషాలు కాదు, మూడు గంటలా యాభై. తిరిగొచ్చేటప్పుడు ఉల్టా, మూడున్నర గంటల ప్రయాణం టికెట్ మీద ఐదు గంటల్లా కనపడుతుంది.

ఇక దూరం. గోడకి వేలాడే ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. అది తప్పు. పిల్లలు ఆడుకునే గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి గట్టిగా లాగండి. దారం తనంతట తానే జారి పైకి పోయి ఉత్తర ధ్రువం పక్కగా నిలబడుతుంది! రెండు ఊళ్లూ భూమికి ఇంచుమించు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టి దగ్గరి దారి ధ్రువం మీదుగానే. ఆ దారం పొడవు 14,400 కిలోమీటర్లు. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు, విమానాల లెక్కలన్నీ దీని మీదే. చేత్తో వేయడం కష్టం, గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు, మనది హెచ్‌వైడీ, వాళ్లది డీఎఫ్‌డబ్ల్యూ, మధ్యలో అడ్డగీత పెట్టి కొడితే దూరంతో పాటు ఆ వంకర గీత కూడా గీసి చూపిస్తుంది.

అంత దూరం నేరుగా పోయే విమానం మనకి లేదు, కాబట్టి దుబాయో దోహానో. దుబాయ్ మీదుగా పోతే 2,545, అక్కడి నుంచి డాలస్‌కి సుమారు 12,900, మొత్తం 15,450 దాకా. నేరు దారి కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ, అంటే గంటా పావు. 'చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నాడు' అని తిట్టుకోనక్కర్లేదు. అసలు తినేది మధ్యలో ఆగే టైమ్. రెండు గంటలు ఆగేదానికీ తొమ్మిది గంటలు ఆగేదానికీ టికెట్‌లో పాతిక వేలు తేడా ఉంటే ఏది కొనాలన్నది పెద్దవాళ్ల మోకాళ్లని అడిగి నిర్ణయించుకోండి. మరీ తక్కువ కూడా వద్దు, గంట గ్యాప్‌లో టెర్మినల్ ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తే టెన్షన్ పెద్దవాళ్లకి పెట్టకండి, వీల్‌చెయిర్ అసిస్టెన్స్ టికెట్‌తో పాటే అడగండి.

డాలస్ నుంచి వచ్చేటప్పుడు దుబాయ్ దాకా గంటకు పైగా తక్కువ పడుతుంది, మళ్లీ అవే పడమటి గాలులు, ఈసారి వెనక నుంచి. గంట మిగులుతుంది కానీ తారీఖు ఒకటి పోతుంది, శుక్రవారం ఎక్కితే ఆదివారం తెల్లారుజామున దిగడం మామూలే. ఎయిర్‌పోర్టుకి తీసుకురావడానికి వచ్చేవాళ్లకి ఎక్కే రోజు కాదు, దిగే రోజు చెప్పండి. మా ఇంట్లో ఒకసారి రెండు కార్లు ఒక రోజు ముందే పోయి నిలబడ్డాయి.

ఇంతకీ మా బావమరిది ఏం చేశాడంటే, నాలుగింటికి లేవడం నా వల్ల కాదు బావా అని, ముందు రోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకున్నాడు. తెల్లారేసరికి వైజాగ్. ఫ్రెండ్ రూమ్‌లో స్నానం చేసి హాలుకి తొమ్మిదింటికే పోయి టిఫిన్ కూడా తిన్నాడట, పెసరట్టు ఉప్మా ఫొటో పంపాడు. వచ్చేటప్పుడు మాత్రం ఫ్లైట్, సాయంత్రం ఆరున్నరది. ముందే రికార్డు చూసుకోరా అన్నాను, చూడలేదు. యాభై నిమిషాలు లేటు.